కోరంగి నుంచి నర్సాపురం దాకా: ఓడలు కట్టిన ఊళ్ళ వెంట ఆరు రోజులు

మా మామ్మ గదిలో ఒక టేకు పెట్టె ఉంది. ఇంట్లో అందరం దాన్ని రంగూన్ పెట్టె అనే అంటాం. మా ముత్తాత రంగూన్ రేవులో మూటలు మోసి సంపాదించి తెచ్చింది ఆ పెట్టె ఒక్కటే, మిగతాదంతా 1942లో జపాన్ వాళ్ళు బాంబులేసినప్పుడు అక్కడే వదిలేశాడు. పెట్టె మాత్రం అంతకుముందే ఒకసారి ఇంటికొచ్చినప్పుడు తెచ్చి పెట్టాడు కాబట్టి మిగిలింది. మామ్మ చెప్పేది, అక్కడ మనోళ్ళని "కోరంగీ" అని పిలిచేవారంట, అది తిట్టులాగే ఉండేదంట. నాకు చిన్నప్పటినుంచి ఒకటే డౌటు. మా ముత్తాతది రాజోలు దగ్గర పల్లెటూరు, ఓడెక్కింది కాకినాడలో, ఆయన జన్మలో కోరంగి ఊరు చూసుండడు, మరి ఆయన్ని కోరంగీ అని ఎందుకు పిలిచారు? ఒక ఊరి పేరు మొత్తం తెలుగోళ్ళకి ఎలా అంటుకుంది?

మొన్న డిసెంబరులో వారం సెలవు దొరికింది. హైదరాబాద్ నుంచి రాత్రి ట్రైనెక్కి కాకినాడలో దిగా, మా బావ బండేసుకొచ్చాడు.

మొదటి రోజు: కాకినాడ

జగన్నాథపురం వంతెన మీద ఆగి ఉప్పుటేరు చూస్తూ టీ తాగాం. ఈ జగన్నాథపురం ఒకప్పుడు డచ్చి వాళ్ళది, 1825లో ఇంగ్లీషు వాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. అప్పటికి కాకినాడ పెద్ద ఊరేమీ కాదు. దీని దశ తిరిగింది 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలయ్యాక, అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఇంగ్లండ్ మిల్లులకి మన పత్తి కావాల్సొచ్చింది, అది కాకినాడ మీదుగా పోయింది. ఎక్కడో వాళ్ళు వాళ్ళు కొట్టుకుంటే ఇక్కడ గోదాములు లేచాయి.

ఇక్కడ పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదు, లోతు లేదు. దూరంగా సముద్రంలో లంగరేసుకుని ఉంటే సరుకైనా మనిషైనా చిన్న పడవల్లో వెళ్ళి ఎక్కాలి. ఇప్పటికీ యాంకరేజ్ పోర్టులో అదే పద్ధతి, బియ్యం బస్తాలు బార్జిల్లో వెళ్తాయి. మా ముత్తాత కూడా అలా ఒక పడవలో ఊగుతూ వెళ్ళి స్టీమరు నిచ్చెన పట్టుకునుంటాడు, పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళ కుర్రాడు, అదే మొదటిసారి సముద్రం మీదకెళ్ళడం.

సాయంత్రం ఏటిమొగ వెళ్ళాం. అక్కడ ఇంకా చెక్కతో చేపల బోట్లు కడుతున్నారు. ఒడ్డున ఒక బోటు దాదాపు పూర్తయిపోయి ఉంది, దాని కిందకెళ్ళి తలెత్తి చూస్తే చిన్న కల్యాణమండపం కింద నిలబడ్డట్టుంది. ఒక పెద్దాయన పీట మీద కూర్చుని పలకల సందుల్లో దూది కూరుతున్నాడు. దూదిని పేని సన్నగా తాడులా చేసి నూనెలో తడిపి, మొండి ఉలి లాంటి దాంతో సందులో పెట్టి చెక్కసుత్తితో టకటకా కొడుతున్నాడు. నేను చాలాసేపు అక్కడే కూర్చున్నా.

"ఏ ఊరండీ తవరిది?" అన్నాడు తలెత్తకుండానే.

చెప్పా. ఎంత కూరాలో ఎలా తెలుస్తుంది మేస్త్రిగారూ అనడిగా.

"సప్పుడు మారద్దండి. ముందు బోలుగా ఉంటది, నిండేకొద్దీ గట్టిపడద్ది. గట్టి సప్పుడొచ్చాక ఇంకో దెబ్బేశామా, పలక పక్కకి తోసుకెళ్ళిపోద్ది. ఆగిపోవాలి."

నన్ను కళ్ళు మూసుకుని వినమన్నాడు. విన్నా. మొదటి పది దెబ్బలకి నాకేం తేడా తెలియలేదు, తర్వాత నిజంగానే తెలిసింది, డబ్ డబ్ అంటున్నది టక్ టక్ అయింది, అదే క్షణంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆ పక్కన సందు పదహారడుగులుంటుంది, మొత్తం అలా చెవితోనే కూరుకుంటూ వచ్చాడు.

బోటుకి డ్రాయింగేమీ లేదు. ఒక కర్ర, దారం, సుద్ద ముక్క, అంతే. లోపల పక్కటెముకల్లా ఉండే వంపు చెక్కలన్నీ తుమ్మవి, చెట్టులోనే వంపు ఉన్న కొమ్మ చూసి కోయించుకొస్తారంట, తిన్నటి చెక్కని వంపుగా కోస్తే నార తెగిపోయి అలకి విరుగుతుందట. పలకని వంచాలంటే కింద నిప్పు పెట్టి పైన తడుపుతూ బరువేస్తారు. టేకు వాడరా అంటే నవ్వాడు, ఆ రేటుకి బోటు ఓనరు తట్టుకోలేడండి అన్నాడు. ఐదు రోజుల్లో పున్నమి, పోటు బాగా ఎక్కుద్ది, ఆ రోజు నీళ్ళలోకి దింపుతాం రండి అన్నాడు. వస్తామని మాటిచ్చేశా, బావ నా వైపు అదోలా చూశాడు.

రెండో రోజు: చొల్లంగి, కోరంగి

యానాం రోడ్డు మీద పొద్దున్నే బయల్దేరాం. చొల్లంగి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకున్నా. చొల్లంగి అమావాస్యకి ఇక్కడ మునిగి, గోదారి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నీ మునుగుతూ భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరితే సప్తసాగర యాత్ర అయినట్టు, మా మామ్మ ఒకసారి చేసింది. అప్పుడు తట్టింది నాకు, నేను చూద్దామనుకున్న రేవులన్నీ ఆ దారిలోనే ఉన్నాయి, పాయ సముద్రంలో కలిసే చోటే కదా రేవు ఉండేది, పుణ్యమూ బేరమూ ఒకే మొగ దగ్గర.

కోరంగి అంటే ఇప్పుడందరికీ మడ అడవే గుర్తొస్తుంది. 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా మడ చెట్లు, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేర్లు. తిల్ల చెట్టు చూపించి దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి, కొమ్మ విరవకండి అన్నాడు అక్కడి కుర్రాడు. బోటు షికారుకి వెళ్దామంటే పాటు టైమండి, నీళ్ళు లేవు, మధ్యాహ్నం పోటొచ్చాక రండి అన్నాడు. చూస్తే నిజమే, కాలవలో బోటు ఒక పక్కకి ఒరిగి బురదలో కూర్చునుంది.

నాకు అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. ఎందుకంటే పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పెద్ద పెద్ద సముద్రపు ఓడలు రిపేరుకి వచ్చింది ఈ కోరంగికే. ఓడని లోపలికి తెచ్చి తలుపులు మూసి నీళ్ళు తీసేసి అడుగు బాగుచేసే డ్రై డాక్ ఉండేది ఇక్కడ. ఇంగ్లీషు వాళ్ళ యుద్ధనౌకలు కూడా వచ్చేవి. కొత్త ఓడలు కట్టేవాళ్ళు, బంగాళాఖాతం అవతలి రేవులన్నిటికీ ఇక్కడి ఓడలు తిరిగేవి. ఇప్పుడు పది మంది ఎక్కే షికారు బోటు కదలాలంటే పోటు కోసం కాసుకుని కూర్చోవాలి.

గోదారే చేసింది ఇదంతా. పైన ఏజెన్సీ అడవుల్లో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలు కట్టి నీళ్ళలో వదిలితే రాజమండ్రి దాటి ఇక్కడిదాకా తెచ్చింది ఆ నదే, బండి కిరాయి లేకుండా కలప ఇంటి ముందుకొచ్చేది, అందుకే ఇక్కడ ఓడలు కట్టారు. ఏటేటా ఒండ్రు తెచ్చి మొగ పూడ్చేసిందీ ఆ నదే. కాకినాడ ముందు అడ్డంగా పదహారు కిలోమీటర్ల పొడుగున ఉన్న హోప్ ఐలాండ్ ఉంది చూశారా, అదంతా గోదారి తెచ్చిపోసిన ఇసకే, గట్టిగా రెండొందల ఏళ్ళ వయసు దానికి. ఓడలేమో రానురాను పెద్దవైపోయాయి, చెక్క పోయి ఇనుమొచ్చింది, తెరచాప పోయి ఆవిరొచ్చింది, వాటికి ఇంకా లోతు కావాలి. కోరంగి లోతు ఏటికేడు తగ్గిపోయింది. వ్యాపారం కాకినాడకి జరిగిపోయింది.

మధ్యలో సముద్రం రెండుసార్లు మీదపడింది. 1789 డిసెంబరులో తుపానుకి వరసగా మూడు కెరటాలు వచ్చాయి, మొదటిదానికే ఓడల్ని ఎత్తి ఒడ్డు మీదకి విసిరేసిందంటారు. మళ్ళీ 1839 నవంబరులో ఇంకోటి. హెన్రీ పిడింగ్టన్ అని కలకత్తాలో ఉండే ఇంగ్లీషాయన బంగాళాఖాతం తుపాన్ల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు, 1789 కోరంగి కెరటాల గురించి కూడా రాశాడు, 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో ఈ గాలికి సైక్లోన్ అని పేరు పెట్టాడు, చుట్టచుట్టుకున్న పాము అనే అర్థంలో. ఇవాళ ప్రపంచమంతా వాడే మాట. 1839 తుపానులో మూడు లక్షల మంది పోయారని, ఇరవై వేల ఓడలు మునిగాయని ఎక్కడ చూసినా రాస్తారు. నాకు మాత్రం ఆ లెక్క నమ్మబుద్ధి కాదు. అంత జనం పట్టే ఊరు కాదిది, ఇరవై వేల ఓడలు నిలబడే నీళ్ళూ లేవు. ఎవరో ఒకరు వేసిన అంకె అందరూ దించుకుంటూ పోతున్నారు. చిన్న లెక్క చెప్తే మాత్రం బాధ తగ్గుతుందా, 96 తుపాను నాకు గుర్తుంది, నవంబరు ఆరు రాత్రి, మా ఇంట్లో కొబ్బరి చెట్లు ఒక్కోటి పడుతుంటే అమ్మ నా చెవులు మూసి పట్టుకుంది, భైరవపాలెం వైపు వేటకెళ్ళిన వాళ్ళు ఎంతమంది తిరిగి రాలేదో ఈ ఊళ్ళల్లో ఎవర్నడిగినా చెప్తారు.

ఊళ్ళోకెళ్ళి ఆ డ్రై డాక్ ఎక్కడుండేదని ముగ్గురు నలుగుర్ని అడిగాం. ఒకావిడ పేడకళ్ళెత్తుతూ ఆగి, ఓడలా బాబూ, మా అత్తగారు చెప్పేదయ్యా అంది, అంతకంటే ఆవిడకీ తెలీదు. ఒక బోర్డు లేదు. అడవికి బోర్డులున్నాయి, పిట్టల ఫొటోలున్నాయి, చాలా సంతోషం, కానీ ఓడలు కట్టిన వడ్రంగుల గురించి ఒక్క ముక్క రాసిన రేకు కూడా లేదు. నాకు నిజంగా కడుపు రగిలింది.

కానీ పేరు మాత్రం ఎక్కడెక్కడికి వెళ్ళిందో చూడండి. 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ ఇక్కడ్నుంచి మన కూలీల్ని మారిషస్ తీసుకెళ్ళింది, అక్కడి చెరకు తోటలకి. అక్కడి తెలుగోళ్ళకి కోరంగి అనే పేరు పడింది. రెండేళ్ళకి, 1845లో, అదే పేరున్న ఓడ ఆస్ట్రేలియా పక్కన కోరల్ సముద్రంలో దిబ్బకి తగిలి పగిలిపోయింది, ఆ దిబ్బలకి కోరంగి దీవులనే పేరు పెట్టారు, ఇవాళ్టికీ మ్యాపులో ఉంది. బర్మాలో సంగతి ఇంకా ముందునుంచీ. అక్కడికి తెలుగు ఓడ వచ్చిందంటే కోరంగి ఓడే, దిగినవాడు కోరంగివాడే. తర్వాత రేవు పూడిపోయింది, స్టీమర్లు కాకినాడ నుంచి వెళ్ళాయి, మనుషులు రాజోలు నుంచీ శ్రీకాకుళం నుంచీ వెళ్ళారు, పిలుపు మాత్రం మారలేదు. మా ముత్తాతకి అంటిన పేరు అదన్నమాట, ఆయన పుట్టేసరికే చచ్చిపోయిన రేవు పేరు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు, ఓడల కంపెనీలు బర్మా వాళ్ళని పనికి పెట్టుకున్నాయి, సమ్మె తీరాక పాత వాళ్ళని రమ్మని బర్మా వాళ్ళని పొమ్మన్నాయి. అక్కడ అంటుకుంది గొడవ, రోజుల తరబడి కోరంగీల్ని వెతికి వెతికి కొట్టారు. మా ముత్తాత ఒక చెట్టియారు గోదాములో బస్తాల వెనకాల దాక్కున్నాడని మామ్మ చెప్పేది. బయట కోరంగీ కోరంగీ అని అరుస్తున్నారంట.

మధ్యాహ్నం పోటొచ్చింది, కుర్రాడు ఫోన్ చేశాడు, వెళ్ళి బోటెక్కాం. ఎవరం ఏం మాట్లాడుకోలేదు.

మూడో రోజు: ఇంజరం, యానాం

ఇంజరం దారిలోనే. ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ నేత బట్టలు కొనే కొఠీ పెట్టింది. ఓడలెందుకు అన్నదానికి జవాబు ఇక్కడుంది, కట్టిన ఓడ ఊరికే తిరగదు కదా, అందులో నింపడానికి ఈ చుట్టుపక్కల మగ్గాలున్నాయి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి ఇంజరం, బెండమూర్లంక, మాధవాయిపాలెం, మూడు కొఠీలూ పట్టుకున్నాడు. ఆ మూడూ మూడు మొగల దగ్గరివే.

యానాం గురించి అందరికీ తెలిసిందే, 1723లో ఫ్రెంచి వాళ్ళు వచ్చారు, మధ్యలో ఎత్తేసి 1731లో మళ్ళీ నిలదొక్కుకున్నారు, 1954లో పోయారు. గోదారి గట్టున సాయంత్రం బాగుంది, బజ్జీలు తిన్నాం. రాత్రికి బాలయోగి వంతెన మీదుగా ఎదుర్లంక దాటి అమలాపురంలో పిన్ని వాళ్ళింటికి.

నాలుగో రోజు: ఓడలరేవు

పేరులోనే ఉంది. వైనతేయ పాయ సముద్రంలో కలిసే దగ్గర అల్లవరం మండలంలో ఊరు. చిన్నప్పుడు పిక్నిక్కి వచ్చేవాళ్ళం, ఒక్కసారైనా ఓడలరేవు అంటే ఓడల రేవు అని విడగొట్టి ఆలోచించలేదు. ఇప్పుడక్కడ ఓఎన్జీసీ టెర్మినల్ ఉంది, సముద్రం అడుగునుంచి గ్యాసు పైపుల్లో వస్తుంది. దానికి కాస్త ఇవతల బెండమూర్లంక, ఒకప్పటి కొఠీ ఊరు, ఇప్పుడు కొబ్బరి తోటలు.

వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళ దగ్గర కూర్చున్నాం. అందరివీ ఫైబర్ బోట్లే. చెక్క నావ ఎవరైనా కడతారా అంటే ఒకాయన, ఎందుకండీ, ఫైబరుకి చీడ పట్టదు, సందు కూరక్కర్లేదు అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే. వేటకెళ్ళే మనిషికి నా బాధతో పనేముంది.

ఐదో రోజు: పంటు మీద మాధవాయిపాలెం

బోడసకుర్రు వంతెన దాటి, రాజోలు మీదుగా, మా ఊరు ఆగకుండా సఖినేటిపల్లి రేవు. ఏరు దాటించే పంటులో బండెక్కించాం. ఆటోలు, గేదె ఒకటి, పెళ్ళి బట్టలకి నర్సాపురం వెళ్తున్న ఆడవాళ్ళు. గోదారి వశిష్ట పాయ ఇక్కడ బాగా వెడల్పు. పంటు అవతల ఒడ్డున ఆగేది మాధవాయిపాలెం రేవులోనే.

ఇంగ్లీషు వాళ్ళ నోట్లో ఈ ఊరే మాడపోలం. ఇక్కడ నేసిన మెత్తటి తెల్ల నూలుగుడ్డకి మాడపోలం అనే పేరే స్థిరపడి, తర్వాత మాంచెస్టరు మిల్లులు అలాంటి గుడ్డ నేసి అదే పేరుతో అమ్మాయి. ఊరు మాత్రం చాలా వరకు వశిష్టలో కోసుకుపోయింది. కోరంగిని నది పూడ్చేసింది, దీన్ని తినేసింది.

పదిహేడో శతాబ్దంలో నర్సాపురం మీద కోరంగికంటే పెద్ద పేరుండేది. అప్పుడిది గోల్కొండ నవాబుల కింద. 1670 ప్రాంతంలో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు రాసినదాని ప్రకారం, గోల్కొండ ముస్లిం వర్తకులూ ఇంగ్లీషు వాళ్ళూ ఓడలు ఇక్కడే కట్టించుకునేవారు, ఎందుకంటే మంచి కలప, మంచి ఇనుము, పనితెలిసిన వడ్రంగులు మూడూ ఒకే చోట దొరికేవి. ఇక్కడ కట్టిన ఓడల్లో మన బట్టలు బర్మా తీరంలోని అరకాన్, పెగు, తెనాసెరిం వెళ్ళేవి. ఒక్కసారి ఆలోచించండి, ఇంగ్లండ్ నుంచి ప్రపంచం చుట్టి వచ్చినవాళ్ళు ఓడ కట్టమని మన నర్సాపురం మేస్త్రి దగ్గరకొచ్చారు! ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అంటారే, అలాగే అయింది వాళ్ళ పని. బౌరీ పేరు మిగిలింది, కట్టినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

పాలకొల్లులో డచ్చి సమాధులు చూశాం, పాతది 1662 నాటిది. రాయి మీద అక్షరాలు ఎంత లోతుగా చెక్కారో, వేలు పెట్టి తడిమా, ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. చెక్కింది మనవాడే అయ్యుంటాడనిపించింది నాకు.

అంతర్వేదిలో రాత్రి పడుకున్నాం.

ఆరో రోజు: మళ్ళీ ఏటిమొగ

తెల్లారకుండా లేచి నూట ఇరవై కిలోమీటర్ల పైనే తోలాడు బావ, తిడుతూనే తోలాడు. వెళ్ళేసరికి బోటుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ముక్కుకి మామిడాకులు కట్టేశారు. కొబ్బరికాయ కొట్టారు. కింద దుంగలు పరిచి, గ్రీజు పూసి, అటూ ఇటూ తాళ్ళు. పోటు మెల్లగా ఎక్కుతోంది. మేస్త్రిగారు నన్ను చూసి, వచ్చారా, అయితే ఓ చెయ్యెయ్యండి అన్నారు. తాడు పట్టుకున్నాం బావా నేనూ. హైలెస్సా అంటూ లాగుతుంటే మొదట అసలు కదల్లేదు, గుంజినకొద్దీ తాడు అరచేతిలో కాలిపోతోంది, తర్వాత ఒక్కసారి దుంగలు కిర్రుమన్నాయి, అంతే, మా చేతుల్లోంచి తాడు జారిపోయి బోటు దానంతటదే వెళ్ళి నీళ్ళలో కూర్చుంది. కాస్త ఒరిగి, సర్దుకుని, నిలబడింది.

అందరూ ఈలలేస్తున్నారు, పిల్లలు దూకేశారు. మేస్త్రిగారు మాత్రం ఎవరితో మాట్లాడకుండా పంచె ఎగ్గట్టి టార్చిలైటు తీసుకుని బోటు లోపలికి దిగారు. నేనూ వెనకాలే దిగా. లోపల నూనె వాసన, తుమ్మచెక్క వాసన. ఆయన ఒంగి ఒక్కో సందు మీద అరచెయ్యి ఆనించి మెల్లగా జరుపుకుంటూ వెళ్ళారు, ఆ చివరిదాకా వెళ్ళి మళ్ళీ ఈ పక్కన వచ్చారు. చెయ్యి టార్చి ముందు పెట్టి చూపించారు. వేళ్ళ చివర కొంచెం తడి.

"సెమ్ముందండి. కొత్త సెక్క కదా, ఈ రాత్రికి నీళ్ళు తాగి ఉబ్బుద్ది, రేపటికి మూసుకుపోద్ది" అన్నారు.

పొద్దున్నే ట్రైన్లో ఉన్నప్పుడు బావ వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. మేస్త్రిగారి అరచెయ్యి, పొడిగా ఉంది.